ఆశ్చర్యపోయే పిల్ల

ఐదో తరగతిలో ఆశ్చర్యపోవడానికి ఎవరు పనికొస్తారో తేల్చడానికి కోఆర్డినేటర్ మేడమ్ ఒక పీరియడ్ అంతా తీసుకుంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, "ఏదీ, ఆశ్చర్యపో" అంది.

ఒకడు కళ్లు తేలేశాడు. "జబ్బు చేసినవాడిలా ఉన్నావు, వద్దు, కూర్చో." ఇంకో అమ్మాయి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటే ఫొటోలో ఏం పడుతుందే, నా తలకాయా?" చివరికి, క్లాసంతా పిచ్చుక అని పిలిచే బక్కపల్చటి పిల్ల వంతు వచ్చింది. పిచ్చుక నోరు సున్నాలా తెరిచి, కనుబొమలు జుట్టులోకి ఎక్కించి, "అబ్బా, సరళరేఖ వచ్చింది మేడమ్" అంది.

కోఆర్డినేటర్ మేడమ్ మురిసిపోయింది. "ఆశ్చర్యమంటే ఇదీ. చూసి నేర్చుకోండి."

గోడకి ఆనుకుని నిలబడ్డ లెక్కల టీచర్ నవ్వొస్తే దగ్గులోకి దింపేసింది. ఆమె కొత్తగా చేరిన మనిషి. పెళ్లి కూడా కొత్తే. కానుకగా వచ్చిన కప్పుల పెట్టె ఇంకా విప్పనే లేదు. అందుకే స్టాఫ్ రూమ్‌లో అందరికీ ఆమె "కొత్త పెళ్లికూతురు".

వచ్చే శనివారం తల్లిదండ్రులు బడికి వస్తున్నారు. కార్యక్రమం పేరు "చేత్తో లెక్క". నిజానికి లెక్క చాలా చిన్నది. కాగితంతో ఏదో ఒక త్రిభుజం కోసి, దాని మూడు మూలలూ చింపి, ఆ కొసలు ఒకే చోట కలిసేలా పక్కపక్కన పేరిస్తే, కింది అంచు గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. త్రిభుజం ఎంత వంకరదైనా సరే. చిత్తుకాగితం ఉంటే చాలు.

అంత చవగ్గా అయిపోతే ఇక కోఆర్డినేటర్ ఎందుకు? మేడమ్ గులాబీరంగు అట్టతో త్రిభుజం చేయించింది. మూలలు ముందే కోయించింది. ముక్కలన్నిటికీ లామినేషన్ చేయించింది. వాటిని అతికించే బోర్డు మీద, ఎక్కడ ఏ ముక్క పడాలో అక్కడ అంటుకునే పట్టీలు వేయించింది. ఎవరైనా కళ్లు మూసుకుని అతికించినా తిన్నటి గీత రావలసిందే, దానికి వేరే దారి లేదు. ఆ సామానంతా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, అద్దం మీద "ముట్టుకోరాదు" అని రాయించింది. చేత్తో లెక్క మరి.

పిల్లలకి పనులు పంచింది. ఒకరు త్రిభుజం పట్టుకోవాలి, ముగ్గురు మూలలు అతికించాలి, పిచ్చుక ఆశ్చర్యపోవాలి. మిగతా క్లాసు చప్పట్లు కొట్టాలి.

"మేడమ్, పిల్లల చేత మామూలు కాగితం చింపిద్దామా?" అంది టీచర్.

"చింపితే అంచులు ఎలుకలు కొట్టినట్టుంటాయమ్మా. పేరెంట్స్ ముందు బాగుంటుందా?"

"అంచులు ఎలా ఉన్నా గీత వస్తుంది మేడమ్."

"రాకపోతే?"

"రాకపోవడం ఉండదు. ఏ త్రిభుజానికైనా వస్తుంది."

"నీకేమ్మా, కొత్త పెళ్లికూతురివి. నీకు ఇప్పుడు అన్నీ వస్తున్నట్టే ఉంటుంది." మేడమ్ బీరువా తాళం లాగి చూసుకుని, గొంతు తగ్గించింది. "చూడు. శనివారం సాఫీగా జరిగిందా, ఐదో తరగతి లెక్కలు నీవే. తేడా వచ్చిందా, ప్రిన్సిపాల్ గారితో చెప్పి ఒకటో తరగతికి పంపిస్తాను. చక్కగా పాటలు పాడించుకుందువు గాని."

టీచర్ సరేనంది. పాటలంటే ఆమెకి చిన్నచూపేం లేదు. కానీ ఐదో తరగతంటే ప్రాణం. అప్పుడే "ఎందుకు" అని అడగడం మొదలుపెట్టి, అడగకూడదని ఇంకా తెలియని వయసు. ఆ పీరియడ్ పోతే తన రోజులో తీపి పోయినట్టే.

సాయంత్రం ఇంట్లో మొగుడికి ఇదంతా అభినయించి చూపించింది. అతను కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల కళ్లలోకి చూడటమే ఉద్యోగం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నోరు సున్నాలా తెరిచాడు.

"అబ్బా, ఉప్పు పడింది మేడమ్."

"తిను నోరు మూసుకుని."

"నోరు మూసుకుంటే ఆశ్చర్యం ఫొటోలో ఎలా పడుతుందోయ్?"

ఆమె పొలమారేదాకా నవ్వింది. ఉన్న ఒక్క గ్లాసూ అతనే అందించాడు.

"ఇంతకీ ఏ త్రిభుజానికైనా వస్తుందా?" అన్నాడు కాసేపటికి. "మాకు బళ్లో బట్టీ పట్టించారు గానీ ఎవరూ చూపించలేదు."

కప్పుల పెట్టె మూత చించి, కావాలనే ఒక ముక్కు పొడుగ్గా, వంకరగా ఉండే త్రిభుజం చేశాడు. మూలలు తుంచి నేల మీద పేర్చాడు. అంచు తిన్నగా వచ్చింది. ముక్కలు తీసేసి మళ్లీ పేర్చాడు. ఇంకో త్రిభుజం చించాడు, ఈసారి ఇంకా వంకరగా. కనుబొమలు పైకి లేవడం పోయి ముడిపడ్డాయి.

"టీ చల్లారిపోతోంది" అంది.

"ఉండు."

పెళ్లయ్యాక అతను ఆమెని "ఉండు" అనడం అదే మొదటిసారి. ఆమెకి కోపం రాలేదు. ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. పెట్టె మూత అంతా అయిపోయాక గానీ అతను టీ ముట్టుకోలేదు.

శనివారం హాలు నిండింది. ప్రిన్సిపాల్ గారు ముందు వరసలో కూర్చున్నారు, జేబులో తన ప్రసంగంతో. పిల్లల చేతులు ఎంత గొప్పవో చెప్పే ప్రసంగం అది. కోఆర్డినేటర్ మేడమ్ బీరువా తాళం తీసి, గులాబీ ముక్కల్ని చంటిబిడ్డల్లా ఎత్తుకొచ్చింది.

మొదటి మూల అతికింది. రెండో మూల అతికింది. మూడోది ఇంకా అబ్బాయి చేతిలో ఉండగానే పిచ్చుక నోరు సున్నాలా తెరిచింది. "అబ్బా, సరళరేఖ వచ్చింది మేడమ్."

గీత రాలేదు. రావలసిన చోట ఇంకా బోర్డే కనిపిస్తోంది. అయినా హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాల్ గారి చప్పట్లు అందరికంటే గట్టివి. ఆ సందట్లో మూడో ముక్క అతికిందో లేదో చూసినవాళ్లే లేరు.

టీచర్‌కి మొహం చెల్లలేదు. పిచ్చుక తెలివి తక్కువది కాదు. ఏది ఎప్పుడొస్తే ఏంటి, అడిగినప్పుడు నోరు తెరిస్తే చాలని నేర్పారు, నేర్చుకుంది. ఇందులో తన చెయ్యీ ఉంది. ఒకటో తరగతి గది ఒక్కసారి కళ్లముందు మెదిలింది. మెదిలితే మెదిలింది అనుకుని, కుర్చీలు తుడవడానికి తెచ్చిన పాత పేపర్లలోంచి ఒకటి లాగింది.

"పిచ్చుకా, ఇంకోసారి చేద్దాం. త్రిభుజం నువ్వే చించు. నీకు ఎలా ఇష్టమైతే అలా."

"అమ్మా, అది ప్రోగ్రాంలో లేదు" అంది మేడమ్ పళ్ల మధ్య నుంచి.

పిచ్చుక అప్పటికే చించేసింది. నేల మీద గొంతుక్కూర్చుని, మూలలు తుంచి పేర్చింది. నిజంగానే ఎలుకలు కొట్టినట్టున్నాయి. అంచు మాత్రం తిన్నగా ఉంది.

పిచ్చుక నోరు తెరవలేదు. ఆ ముక్కల్ని ఎగాదిగా చూసింది, ఎవరో తనని ఆటపట్టిస్తున్నట్టు.

"చెప్పవే, అబ్బా అను" అని మేడమ్ గుసగుసలాడింది.

"ఉండండి మేడమ్."

ఇంకో పేపర్ లాక్కుంది. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి టీచర్‌కి బాగా తెలుసు, మొన్ననే తన ఇంట్లో చూసింది. ఈసారి పిచ్చుక సూదిలా సన్నటి త్రిభుజం చించింది. మళ్లీ తిన్నగా వచ్చింది. తలెత్తి, "టీచర్, ఇది రాకుండా చేయాలంటే ఎలా?" అంది.

వెనక వరసలో ఒక తండ్రి లేచి వచ్చి తనకీ ఒక పేపర్ ఇమ్మన్నాడు. తర్వాత ఒక అమ్మమ్మ. ఆ తర్వాత చప్పట్లు కొట్టడానికి నియమించిన పిల్లలంతా. హాలు నిండా కాగితాలు చిరుగుతున్న చప్పుడు. ప్రిన్సిపాల్ గారు మైకు ముందు నిలబడి, పిల్లల చేతుల గొప్పతనం గురించి ఆసాంతం చదివారు. ఒక్క చెవి కూడా ఆయన వైపు తిరగలేదు. అందరి చేతులూ పనిలో ఉన్నాయి.

ఆ పనిలో ఆయనకి కనిపించింది చెత్త ఒక్కటే.

"ప్రోగ్రాం అభాసుపాలైంది సార్" అంది కోఆర్డినేటర్ మేడమ్ ఆయన గదిలో, టీచర్‌ని ఎదురుగా నిలబెట్టి. "పిల్ల మాట మర్చిపోయింది. ఆశ్చర్యపోనే లేదు."

"నేనూ గమనించాను" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అంత మంచి ఆశ్చర్యాన్ని పాడుచేశారమ్మా."

సోమవారం నుంచి ఆమెకి ఒకటో తరగతి. ఐదో తరగతి లెక్కలు కోఆర్డినేటర్ మేడమే తీసుకుంది. బీరువాకి రెండో తాళం కూడా పడింది.

"పాటలు ఎలా ఉన్నాయి?" అని మొగుడు అడిగాడు ఆ రాత్రి. కొత్త కప్పులు ఎట్టకేలకు బయటికొచ్చాయి, మూత లేని పెట్టెలో దుమ్ము పడుతోందని.

"బాగున్నాయి" అంది. కప్పులోకి చూస్తూ అంది. అతను నోరు సున్నాలా తెరవలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు భోజనాల బెల్లు కొట్టగానే ఒకటో తరగతి కిటికీలో పిచ్చుక తల కనిపించింది. రెండు గుప్పిళ్ల నిండా చిరిగిన కాగితాలు.

"టీచర్, మేడమ్ క్లాసులో చింపనివ్వట్లేదు. ఇంట్లో చించాను." కిటికీ గట్టు మీద పేర్చడం మొదలుపెట్టింది. "మూడు మూలలకి సగం చుట్టు వచ్చింది కదా. నాలుగు మూలలదైతే ఇదిగో, చుట్టంతా నిండిపోయింది. ఎక్కడా సందు లేదు. ఐదుదైతే ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. తప్పు చేశాననుకున్నా. కాదు. ఒక చుట్టు తిరిగి, మళ్లీ సగం చుట్టు."

టీచర్ కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుంది. "మరి ఆరు మూలలదైతే?"

పిచ్చుక కనుబొమలు ముడిపడ్డాయి. కాసేపు ముక్కల వైపే చూసింది.

"తెలిసినట్టే ఉంది" అంది. "కాగితం ఉందా టీచర్?"

టీచర్ బల్ల మీది పాటల కాగితాల్లోంచి అడుగున ఉన్నదొకటి లాగి ఇచ్చింది.