నాలుగంగుళాల మడత

నా డైరీ నలభై ఒకటో పేజీలోంచి నీళ్లు కారుతున్నాయి. అది అలల కొలను పేజీ. రెండేళ్లుగా దాన్ని నీలం స్కెచ్‌పెన్నుతో నింపుతున్నాను కాబట్టి ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు. అమ్మ డైరీని దండెం మీద ఆరేసి, రెండు క్లిప్పులు పెట్టి, కింద బకెట్టు పెడుతుంది.

"ఇవాళే వెళ్లిపోదాం. రేపటిదాకా ఆగితే ఇల్లు మునుగుద్ది," అంటుంది.

రిసార్టు ప్రయాణం మొత్తం ఆ డైరీలోనే ఉంది. ఏ రైడు తర్వాత ఏ రైడు, పులిహోర ఏ నీడలో తినాలి, గదిలో కిటికీ పక్క మంచం ఎవరిది, తడి బట్టలు ఏ సంచిలో పెట్టాలి, అన్నీ రాశాను. నేను ఏదీ నోటితో అడగలేను. బడిలో హాజరు పలికినా నా గొంతు రెండో బెంచీ దాటదు. అందుకే కావలసింది డైరీలో రాసి, ఆ పేజీ తెరిచి, నాన్న కుట్టుమిషను మీద పెడతాను.

నాన్న లేడీస్ టైలరు. నా పేజీ కింద, బట్ట మీద రాసినట్టే, సుద్దముక్కతో జవాబు రాస్తాడు. యాభై రెండో పేజీలో ఇలా రాశాడు: "పెద్ద రైడు. ముందు సీటు. నేను, భాను." భాను అంటే నేనే. కింద గీత కూడా గీశాడు. నాన్న గీత గీశాడంటే కత్తెర ఆ గీత దాటదు.

ఆ సీటు ఎందుకో కూడా రాశాను. అక్కడ ఎంత గట్టిగా అరిచినా ఎవరూ తప్పు పట్టరు. నాన్న పక్కన కూర్చుని ఒక్కసారి అరవాలి.

బకెట్టు నిండి నీళ్లు వీధిలోకి పారతాయి. ఆరిన డైరీని చంకలో పెట్టుకుని వాటి వెంట నడుస్తాను. ముందు నాన్న, ఆ వెనక అమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని చెల్లి దివిజ. పంచాయతీ ఆఫీసు మలుపు తిరగగానే రిసార్టు గేటు వస్తుంది. నా బొమ్మలో ఉన్నన్ని మెట్లే ఉన్నాయి.

టిక్కెట్ల కిటికీ పక్కన కొలత చూసే చెక్క జిరాఫీ నిలబడి ఉంది. దాని మెడ మీద యాభై నాలుగు అంగుళాల దగ్గర ఎర్ర గీత. గీత దాటనివాళ్లకి హాఫ్ టిక్కెట్టు. దివిజకి పన్నెండేళ్లు, తల సరిగ్గా గీతకు తగిలి ఆగుతుంది. నాది యాభై ఎనిమిది. ఈ సంగతి అందరికంటే బాగా నాన్నకే తెలుసు.

"కొంచెం మోకాళ్లు వంచమ్మా," అంటాడు నా చెవిలో.

తణుకు బస్సులోనూ, సర్కసులోనూ, ఎగ్జిబిషన్లోనూ ఇదే మాట. నేను వంచుతాను. జిరాఫీ చూసి తల అడ్డంగా ఊపుతుంది.

నాన్న కింద కూర్చుని కాలరు లోంచి సూది తీస్తాడు. నా మోకాళ్ల దగ్గర నాలుగంగుళాలు లోపలికి మడిచి కచ్చా కుట్టు వేస్తాడు. నొప్పి లేదు. నాన్న చెయ్యి తేలిక అని ఊళ్లో ఆడవాళ్లంతా అంటారు.

"పెరిగే పిల్లల గౌనుకి మడత ఉంచనూ? ఇదీ అంతే. సాయంత్రం విప్పేస్తాలే."

"అందరూ చేసేదేనే," అంటుంది అమ్మ. "మొహం అలా పెట్టకు, అనుమానపడతారు."

టిక్కెట్ల కిటికీలో ఆవిడ నన్ను చూస్తుంది. "పాపకి ఎన్నేళ్లు?"

"పదకొండండీ," అంటాడు నాన్న.

పదకొండు నుంచి పదిహేను దాకా జరిగినదంతా మడత లోపలికి జారిపోతుంది. డైరీ మొదలుపెట్టింది పదమూడో ఏట కాబట్టి అదీ వెళ్లిపోతుంది. నా చంక ఖాళీ అవుతుంది. అడుగు వేసినప్పుడల్లా మోకాళ్ల దగ్గర పేజీలు గరగరమంటాయి.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బయటి తిండి లోపలికి తేకూడదని సంచి వాసన చూస్తాడు.

"ఇంగువ వేశారా?"

"వేశానండీ," అంటుంది అమ్మ.

"అయితే ఇది మందు కిందకి వస్తుంది. వెళ్లండి."

అలల కొలనులో అలలు నేను రాసిన వరసలోనే వస్తాయి, చిన్నది, చిన్నది, పెద్దది. పెద్దది వచ్చినప్పుడు అమ్మ నవ్వుతుంది. అమ్మ పళ్లన్నీ కనిపించేలా నవ్వడం నేను ఇదే మొదటిసారి చూడటం. నాన్న నీళ్లను రెండు వేళ్ల మధ్య నలిపి, "మంచి సరుకు, రంగు పోదు," అంటాడు. నీడలో పులిహోర తింటాం. ఆ కాసేపు నేను మడత సంగతి మర్చిపోతాను. ఇది కూడా ఎక్కడైనా రాసుకోవాలి అనుకుంటాను.

పెద్ద రైడు దగ్గర మెట్ల పక్కన ఇంకో కొలత పలక ఉంది. ముందు సీటుకి యాభై ఆరు అంగుళాలు ఉండాలి.

నేను నాన్న చొక్కా అంచు లాగి, నా మోకాళ్లు చూపిస్తాను.

"ఇప్పుడెలా విప్పనమ్మా? దారం అయిపోయింది. మళ్లీ మడత వెయ్యలేకపోతే బయటికెళ్లేటప్పుడు దొరికిపోతాం."

"యాభై రెండో పేజీ," అంటాను. ఈ రోజు నేను మాట్లాడిన మొదటి మాట ఇదే.

నాన్న నా చేతుల వంక చూస్తాడు. వాటిలో ఏమీ లేదు.

"ఏ పేజీ? పదకొండేళ్ల పిల్లకి డైరీ ఏంటమ్మా?"

ఆయన మొహంలో అబద్ధం లేదు. కుట్టు అంత బాగా కుదిరింది.

"నాన్నా, నేనెక్కుతా ముందు సీటు!" దివిజ గెంతుతుంది.

నాన్న దాన్ని కళ్లతోనే కొలుస్తాడు. రెండంగుళాలు తక్కువ. జేబులోంచి కత్తెర తీసి, నా మడతలోంచి రెండంగుళాలు కత్తిరించి, దివిజ మడమలకు గుండుసూదులతో అతుకుతాడు. పలక దగ్గర దాని తల సరిపోతుంది.

నేను అమ్మ వంక చూస్తాను.

"అక్కవి చెల్లికే కదే వచ్చేవి," అంటుంది అమ్మ. "నీ పరికిణీలన్నీ అదే కట్టింది, ఎప్పుడన్నా ఏమన్నావా?"

"భలే ఉన్నాయే నీ కాళ్లు!" దివిజ మునివేళ్ల మీద తిరుగుతుంది. "బాధపడకక్కా, నీ అరుపు కూడా నేనే అరిచేస్తాలే."

అమ్మ వెనక సీటులో కూర్చుంటుంది. బండి పైకి వెళుతుంది. కింద నిలబడి వింటాను. దివిజ అరుస్తుంది. అది నేను రెండేళ్లుగా దాచుకున్న అరుపు. మడతలోంచి తెగిన ముక్కతో పాటే వెళ్లినట్టుంది. నాన్న కూడా అరుస్తాడు, నవ్వుతూ, దాని భుజం చుట్టూ చెయ్యి వేసి.

నేను నేల మీద కూర్చుని కుట్టు కొస పళ్లతో పట్టుకుని లాగుతాను.

కచ్చా కుట్టు కాబట్టి ఒక్కసారి లాగితే మొత్తం వస్తుంది. కానీ నాలుగంగుళాలతో ఆగదు. దాని వెనక సర్కసు మడత ఉంది. దాని వెనక ఎగ్జిబిషను మడత, తణుకు బస్సు మడతలు ఎన్నో, అన్నీ ఇస్త్రీ చేసినట్టు పొందిగ్గా. అవి ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. నేను లేస్తూనే ఉంటాను. రిసార్టు గది కిటికీ పక్క మంచం మీద దివిజ రిబ్బను కనిపిస్తుంది. తర్వాత గది కప్పు. తర్వాత పెద్ద రైడు పట్టాలు నా నడుము దగ్గర ఉంటాయి. మోకాలి దగ్గర రెండంగుళాల ఖాళీ ఉంది. అందులోంచి గాలి పోతోంది.

సాయంత్రం గేటు దగ్గర వాళ్లు ముగ్గురూ సంచులతో నిలబడతారు. కిటికీలో ఆవిడ టిక్కెట్లు చూసి, తలెత్తి నన్ను చూస్తుంది.

"ఈ అమ్మాయి మీ అమ్మాయేనా?"

నాన్న చేతిలో హాఫ్ టిక్కెట్టు ఉంది. దాన్ని చూస్తాడు. నా పాదాలు చూస్తాడు. అంతకంటే పైకి చూడడు.

"ఇంత పొడుగు పిల్ల మాది కాదండీ."

అమ్మ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంది. దివిజ టకటకమని నా రెండంగుళాల మీద నడుచుకుంటూ వెళుతుంది. పంచాయతీ ఆఫీసు మలుపు దగ్గర ముగ్గురూ చిన్నవాళ్లయిపోతారు.

జిరాఫీ నన్ను పైనుంచి కింది దాకా చూసి, డ్యూటీ దిగినట్టుగా మెడ విదిలించుకుని, అలల కొలనులోకి వెళ్లిపోతుంది. కిటికీలో ఆవిడ రంగు డబ్బాతో బయటికి వచ్చి, నా కాలి మీద అంగుళాలు గీస్తుంది. మోకాలి దగ్గరి ఖాళీకి సమంగా యాభై నాలుగు దగ్గర ఎర్ర గీత పెడుతుంది.

తెల్లవారేసరికి గేటు బయట పెద్ద క్యూ ఉంటుంది. మొదటి కుటుంబం వస్తుంది. రెండు జడల అమ్మాయి నా కాలికి వీపు ఆనించి నిలబడుతుంది. వాళ్ల నాన్న దాని చెవిలో అంటాడు, "కొంచెం మోకాళ్లు వంచమ్మా."

అమ్మాయి వంచుతుంది. దాని తల నా ఎర్ర గీత కిందికి దిగుతుంది.

"పాపకి ఎన్నేళ్లు?"

"పదకొండండీ."

నా నోరు మబ్బుల్లో ఎక్కడో ఉంది. అందుకని అరుపు మోకాలి దగ్గరి ఖాళీలోంచి వస్తుంది, సరిగ్గా ఆ అమ్మాయి చెవి పక్కన.

"పదిహేను!"

క్యూ పొడవునా పిల్లల మోకాళ్ల దగ్గర కుట్లు పటపటమని తెగుతాయి. వాళ్లు లేస్తారు, తండ్రుల భుజాలు దాటి, గేటు దాటి, పెద్ద రైడు దాటి, ఒకరి తర్వాత ఒకరు. కింద తండ్రులు దారం కోసం జేబులు వెతుక్కుంటారు.