ఇది మా పాడు

మా నాయన నోట వచ్చిన ఒక్క మాటతో మా ఊరి నీళ్లు పోయాయి. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. షామియానా కింద కూర్చున్న కుప్పమంతా విన్నది. అందులో ముంచేది ఏముందో ఆ పూట మాలో ఒక్కరికీ తట్టలేదు. అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా చెల్లెళ్లారా, కాస్త నిలబడి వినండి. రేపు మీ ఊళ్లోనూ షామియానా వేస్తారు. మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు. అప్పుడు ఏ మాట ఎలా తిప్పుతారో ఇప్పుడే తెలుసుకోండి.

నా పేరు కోమలి. మాది సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున మొగలికుప్పం, చేపలు పట్టేవాళ్ల పల్లె. ఒక పక్క రాకెట్లు లేస్తాయి, లేచినప్పుడల్లా మా రేకుల ఇళ్లు గడగడలాడతాయి. టీవీలో దేశమంతా చప్పట్లు కొడుతుంటే మేం గిన్నెలు పడిపోకుండా పట్టుకుని నిలబడతాం. ఇంకో పక్క కంపెనీల ఎస్టేటు. అందులో నేను బూట్లు కుడతాను. ఎస్టేటులో పని దొరకనివాళ్లు లోకల్ రైలెక్కి చెన్నైకి కూలికి పోతారు. మా నేల ఉప్పు, బావి నీళ్లు ఉప్పు. ఎండ గురించి చెప్పనే అక్కర్లేదు. మాకున్న తీపి ఒకటే, రొయ్య. అది లోతు నీళ్లలో కాదు, ఒడ్డునే మోకాలి లోతులో పెరుగుతుంది. గిరిప్రసాద్ అనే కాంట్రాక్టరు కన్ను సరిగ్గా ఆ మోకాలి లోతు మీదే పడింది. అక్కడ కట్ట వేసి రొయ్యల చెరువులు తవ్వుకుంటాడట.

మా కుప్పంలో పాడు అంటే వంతు. నీళ్లలో ఏ తావున, ఏ రోజు, ఎవరి వల పడాలో చీటీలు వేసుకుని తేల్చుకుంటాం. ఆ తావునూ పాడనే అంటాం. చీటీ పడ్డాక మార్చుకోవడం లేదు, గొడవ పడటం లేదు. ఆ చీటీల కుండ పట్టేది మా నాయన జయరావు. ఆ పెద్దరికమంటే ఆయనకు ప్రాణం.

ఆ చెరువుల మీద ఊరి అభిప్రాయం అడగడానికి ఆఫీసరు వచ్చాడు. "ఈ ఒడ్డు నీళ్లను మీరు ఏమంటారు?" అన్నాడు. నాయన లేచి, రొమ్ము విరుచుకుని చెప్పాడు.

"ఇది మా పాడు సార్. మా తాతల కాలం నుంచీ పాడే."

గిరిప్రసాద్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "విన్నారా సార్? పాడేనంట! తాతల కాలం నుంచీ పాడేనంట! వాళ్ల పెద్దే చెప్తున్నాడు."

ఆఫీసరు నవ్వి రాయించుకున్నాడు. రాయించింది 'పాడుబడిన నీళ్లు' అని మాకు తర్వాతే తెలిసింది. తన మాట ఒప్పుకున్నారని నాయన దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మేం చప్పట్లు కూడా కొట్టాం. ఏం చెప్పను మా ఖర్మ!

నెల తిరక్కముందే పొక్లెయినర్లు నీళ్లలో దిగాయి. నాయన పరుగెత్తాడు. "ఎవర్రా మీరు? మా పాడులో మీకేం పని?"

పని చేయిస్తున్న మేస్త్రీ నింపాదిగా బీడీ వెలిగించుకున్నాడు. "నువ్వే చెప్పినావంట గదప్పా, పాడని. పాడు నీళ్ల కోసం ఇంత గోలేందబ్బా?"

నాయన బురదలోనే కూలబడ్డాడు. ఒడ్డు మీద నుంచి మా అమ్మ గంగులమ్మ చూస్తూనే ఉంది. "నీ నోరు పడిపోను! చేపలు పట్టేవాడివి చేపలు పట్టకుండా ఆఫీసర్లకు పాఠం చెప్పేదానికి లేచినావే!" అని తలబాదుకుంది. తిట్టి తిట్టి, చివరికి తనే పోయి చెయ్యి పట్టుకుని లేపింది.

ఆ సమయానికి రూతు నీళ్లలో ఉంది. కుప్పానికి పైన మిట్ట మీద యానాదుల ఇళ్లున్నాయి, రూతు అక్కడిది. వాళ్లకు వలా లేదు, పడవా లేదు. ఆడవాళ్లు బుట్టను పళ్లతో కరిచిపట్టుకుని, నీళ్లలో పాకుతూ, బురద తడిమి చేతులతోనే రొయ్యలు పడతారు. పొక్లెయినరు తొట్టి ఆమె వెనకే దిగింది. ఎత్తిన బురదంతా ఆమె మీద గుమ్మరించింది. డ్రైవరు చూడలేదనుకోవద్దు, చూశాడు. రూతు కళ్లలో బురద తుడుచుకుని, కొట్టుకుపోతున్న బుట్ట కోసం ఈదింది. మా మగవాళ్లు అది చూసి కూడా కదల్లేదు.

ఆ సాయంత్రం సర్వి చెట్ల తోపులో మీటింగు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. పడవలు బాగుచేసే మునిచంద్ర కోర్టుకు పోదామన్నాడు. ఇంకొకాయన కలెక్టరుకు అర్జీ పెడదామన్నాడు. మధ్యలో ఎవరో అన్నారు: "మిట్ట మీదోళ్లు ఒక్కరూ రాలేదు సూడండి. రొయ్యల షెడ్డులో పని ఇస్తానని కాంట్రాక్టరు ఆశ పెట్టినాడంట. అమ్ముడుబోయినట్టుండారు."

"నేను వచ్చినాను." తోపు అంచున రూతు నిలబడి ఉంది. జుట్టులో బురద ఇంకా ఆరలేదు. "మా పాడు, మా పాడు అంటా ఉండారు. దాంట్లో నా వంతు యాడుండాది? చెప్పు జయరావన్నా."

నాయన ఇబ్బందిగా కదిలాడు. "మీకు వల లేదు గదమ్మా. పాడు వలకి."

"వలకేనా? చేతులకు లేదా? మీ వల పడిన దినం మేం నీళ్లలో దిగితే రాళ్లేసి తరిమినారే! ఇప్పుడు వాడొచ్చి మిమ్మల్ని తరమతా ఉంటే మేం అడ్డం పడాల్నా?"

"ఇప్పుడా ఈ తగువు?" అని మునిచంద్ర విసుక్కున్నాడు.

"ఇంకెప్పుడప్పా? నీళ్లు పోయినాకా?" రూతు గుంపు మధ్యకు వచ్చింది. "షెడ్డులో పని నాకు తెలీదా? మా చిన్నమ్మ గ్రేసీ ఐసులో రొయ్య తలలు తుంచి తుంచి గోళ్లు ఊడగొట్టుకునింది. నాకా పని వద్దు. నాకు నీళ్లు కావాల. అయితే మీ నీళ్ల కోసం నేను రాను. నా నీళ్ల కోసం అయితే వస్తా."

నేను లేచాను. "నాయనా, మా కంపెనీలో పర్మినెంటోళ్లు ఒక గుంపు, కాంట్రాక్టోళ్లు ఒక గుంపు. ఒకరికి జీతంలో కోత పెట్టినప్పుడు ఇంకొకరం నోరు మూసుకున్నాం. మరుసటి నెల మాకూ కోసినారు. ఈడా అదే జరగతా ఉండాది."

"కట్టుబాటు మారిస్తే కుప్పం పరువు ఏం గావాల?" అన్నాడు నాయన. ఆ మాటలో బలం లేదు.

అమ్మ ఊరుకుంటుందా! "పరువు నువ్వు షామియానా కిందనే పోగొట్టినావు గదయ్యా. ఇంకా పోయేదానికి ఏం మిగిలుండాది?"

తోపంతా గొల్లున నవ్వింది. నాయన కూడా నవ్వబోయాడు, నవ్వు ఏడుపైంది. పెద్ద మనిషి, కుండ పట్టిన మనిషి, అందరి ముందూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత కుండ తెచ్చి రూతు ముందు పెట్టాడు. "తప్పు మాదే తల్లీ. ఈ పొద్దు నుంచి చేతులకూ వంతుండాది. చీటీ నువ్వే తియ్యి."

ముందు కట్ట ఆపాలని అందరం తేల్చుకున్నాం. ఆ చీటీలు వల కోసం కాదు, కట్టకు అడ్డం నిలబడటం కోసం. రోజుకొకరు పొక్లెయినరు తొట్టి కింద నిలబడాలి. మిగతా వాళ్లంతా వెనక నీళ్లలో నిలబడాలి. ఆ ఒకరిని పట్టుకుపోతే మర్నాడు వంతు వచ్చినవాళ్లు నిలబడాలి. కుప్పం పేర్లూ మిట్ట పేర్లూ ఒకే కుండలో పడటం మా ఊళ్లో ఎన్నడూ లేదు. మొదటి చీటీ రూతుకే వచ్చింది. నాయన తల్లడిల్లాడు. "పాపం చేసినోడిని నేను. నన్ను పోనీ."

"పడిన చీటీ మార్చగూడదని నువ్వే గదన్నా అంటావు," అంది రూతు.

తెల్లారి ఆమె నిలబడింది. వెనక ఒకరి నడుము ఒకరు పట్టుకుని పిల్లలూ, ముసలివాళ్లూ, వలవాళ్లూ, చేతులవాళ్లూ. ఎస్‌ఐ బూట్లు తడవకుండా గట్టు మీదే ఆగాడు. "ఎవరే మీ నాయకుడు?"

"ఈ పొద్దు నేనే. రేపు ఎవురో కుండకు తెలుసు."

కానిస్టేబుళ్లు రూతును జుట్టు పట్టుకుని ఈడ్చారు. నాయన ఆగలేకపోయాడు, ఎస్‌ఐకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. "సార్, ఆ పొద్దు నేను సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు రాసుకోండి. పాడంటే వంతు. ఈ నీళ్లలో ప్రతి బిడ్డకూ వంతుండాది. పాడుబడింది నీళ్లు కాదు, మీ కళ్లు."

లాఠీ భుజం మీద పడింది. ఆ ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆయన్నీ వ్యానెక్కించారు. మేం నీళ్లలోంచి కదల్లేదు. ఆ రోజు పొక్లెయినరూ కదల్లేదు.

మర్నాడు మునిచంద్ర వంతు, ఆ తర్వాత అమ్మ వంతు, ఆ తర్వాత గ్రేసీ. వారాలుగా ఒక్కొక్కరే పోతున్నారు. ఇక నీళ్లలో దిగనని సంతకం పెడితే విడిచిపెడతామని రూతుకు చెప్పారట. "నీళ్లలో దిగకపోతే యాడ దిగాల? మీ ఇంట్లోనా?" అని కాగితం వెనక్కి నెట్టేసిందట. నాయన కట్టు కట్టిన భుజంతో ఆసుపత్రి వార్డులో ఉన్నాడు, మంచానికి పోలీసు కాపలా. చూడటానికి పోతే, నొప్పి సంగతి చెప్పకుండా, "ఈ పొద్దు ఎవురు నిలబడినారు?" అని అడిగాడు.

కట్ట సగంలో ఆగి ఉంది. రేపు వంతు నాది. కంపెనీలో సెలవడిగితే, పోతే మళ్లీ రావద్దన్నాడు సూపర్‌వైజరు. సరేనని వచ్చేశాను. ఎల్లుండికి మాత్రం కుండలో చీటీ లేదు. నిలబడగలిగినవాళ్లంతా కుప్పంలోనూ అయిపోయారు, మిట్ట మీదా అయిపోయారు. అందుకే కుండ చంకన పెట్టుకుని మీ కాలేజీ గేటు ముందుకు వచ్చాను. చీటీలు ఇవిగో, పెన్ను ఇదిగో. ఎవరి పేరు రాయమంటారు?