మగ్గాలు ఆగితే వాయించకు

పియానో మూత తెరవాలంటే ముందు దాని మీద మడతపెట్టిన బట్టలు తీయాలి. తర్వాత మా అత్త మందుల డబ్బా, మా ఆయన గోపాల్ హెల్మెట్, ఎవరి పెళ్లిలోనో పంచిన స్టీలు గిన్నెల పెట్టె. అన్నీ దించి, మీటల మీద పడ్డ దారపు నలుసులు తుడిచి కూర్చునేసరికి నాకు దొరికిన గంటలో పావుగంట అయిపోతుంది. సూరత్‌లో, సలాబత్‌పురా గల్లీలో ఇల్లు. కింద పన్నెండు పవర్‌లూమ్ మగ్గాలు, పైన మా కాపురం. ఆరుగురు పనివాళ్లకు రెండు పూటలా వంట, మూడుసార్లు చాయ్, మధ్యలో తెగిన పోగులు అతకడం నా వంతు. దాన్ని ఈ ఇంట్లో ఎవరూ పని అనరు. "నవత ఇంట్లనే ఉంటది కదా" అంటారు.

ఈ పియానో పరీన్ మేడం ఇచ్చింది. మా అమ్మ ఆ పార్సీ ఆవిడ ఇంట్లో గిన్నెలు తోమేది. మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పన్నెండేళ్లు పియానో నేర్పింది. నా పెళ్లయిన ఏడాది ఊరికి ఇంకో వైపున్న ఆల్థాన్‌లో చిన్న ఫ్లాటుకు మారుతూ, చోటు చాలక దీన్ని నాకు పంపింది. ఖరీదైన సామాను కదా అని గోపాల్ సంతోషంగానే నలుగురితో మోయించాడు. అది మోగుతుందని అప్పుడు తోచలేదేమో. మొదటి వారంలోనే షరతు పెట్టాడు. "మగ్గాలు నడిచినప్పుడే వాయించుకో. అవి ఆగినయా, బంద్ చెయ్యి. గల్లీ అంత ఇంటది. గోపాల్ పెండ్లాం తమాష చేస్తున్నదంటరు." మా అత్త రాజమ్మ ఇంకో మాట కలిపింది. "ఆ ఎడమ దిక్కు లావు సప్పుడున్నది సూడు బిడ్డా, అది గోడలకెల్లి వచ్చి నా గుండెల గుద్దుతది. జర మెల్లగ కొట్టరాదు?" పన్నెండు మగ్గాలు గుద్దితే నొవ్వని గుండె నా ఎడమచేతికి నొచ్చింది. మగ్గం చప్పుడు కూడు పెడుతుంది మరి. మెల్లగానే కొట్టాను. ఎనిమిదేళ్లు కొట్టాను.

మొన్న మంగళవారం ఆల్థాన్ వెళ్లి, పరీన్ మేడం పిల్లలకు నేర్పడానికి ఉంచుకున్న చిన్న పియానో మీద ఆమె ముందు వాయించాను. మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ బరోక్ సంగీతం. అందులో ఒక చెయ్యి పాడుతుంటే ఇంకో చెయ్యి తాళం వేయడం ఉండదు. కుడిచేయి ఒక మాట అంటే అదే మాటను ఎడమచేయి అందుకుంటుంది. ఆదివారం ఆమె ఫ్లాటు హాల్లోనే చిన్న కచేరీ. ఆమెకు చూపు తగ్గింది. నేను అక్కడ బాగా వాయిస్తే తను పిల్లలకు చెప్పే క్లాసు నాకు అప్పగిస్తానంది. అంతా కళ్లు మూసుకుని వింది. "బేటా, తేరా బాయా హాథ్ కహా గయా?" అంది చివరికి. నా ఎడమచేయి ఎక్కడికి పోయిందని. పియానో రాకముందు ఈ సంగీతం పుట్టిన హార్ప్సికార్డ్ అనే వాద్యం మీద మీటను మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒక్కలాగే పలుకుతుందట. ఏ వేలినీ తగ్గించడానికి వీల్లేదు. తగ్గించే సౌకర్యం పియానోతో వచ్చింది. "ఆ సౌకర్యం నీకు బాగా అలవాటైంది" అంది. తిరిగొచ్చే బస్సులో ఏడుపొచ్చింది. తగ్గడం ఇంత శ్రద్ధగా ఎప్పుడు నేర్చుకున్నానా అని సిగ్గేసింది.

ఆ తర్వాత రోజూ ఎడమచేతిని గట్టిగా కొడదామని చూశాను. వేళ్లు మీట దాకా వెళ్లి, గోడ అవతల అత్త గుర్తొచ్చి, వాటంతటవే మెత్తబడేవి. శనివారం మధ్యాహ్నం వాయిస్తుండగా కరెంటు పోయింది. కింద మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. అలవాటు కొద్దీ నా చేతులు లేచాయి. గల్లీలో ఎవరో దగ్గడం కూడా వినిపించింది. రేపు ఆల్థాన్‌లోనూ ఇలాగే నిశ్శబ్దంగా ఉంటుంది, నన్ను దాచడానికి అక్కడ మగ్గాలుండవు. ఇప్పుడు వాయించలేకపోతే రేపూ వాయించలేను. భయమేసింది. కుడిచేతిని ఒళ్లో పెట్టుకున్నాను. ఎడమచేతి వరస ఒక్కటే, మొదటి నుంచి, ప్రతి మీటనూ అడుగంటా నొక్కి వాయించాను.

అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతలో మెట్ల కింది నుంచి గోపాల్ కేకేశాడు.

"అమ్మా! పైన ఎవరచ్చిండ్రే? ఎవరు వాయిస్తున్నరు?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడుగుతున్నాడు.

"ఎవ్వరు రాలే," అన్నాను నేను. "నేనే. రేపు పొద్దుగాల్నే ఆల్థాన్ పోతున్న. వంట మీరే చూసుకోండ్రి."

కుడిచేతిని కూడా మీటల మీదికి తెచ్చాను.