సంతకం చేసినవాడి ఆరు నెలలు

అక్టోబరు చివర, రైలుకట్ట పని నుంచి ఓనుఫ్రీ ఇల్లు చేరిన మూడోనాడే భూముల ఇన్‌స్పెక్టరు బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెంట దుబాసీ లుకియాన్ ఉన్నాడు. వాడూ వీళ్లలాగే గలీసియా నుంచి కెనడాకు వలసొచ్చినవాడే. ఇప్పుడు పట్నపు కోటు తొడుక్కుని, ఓనుఫ్రీ పెళ్లాం టెక్లా పెట్టిన పులియబెట్టిన కాబేజీని చూసి ముక్కు చిట్లించాడు.

టెక్లాకు బెరుకు లేదు. కెనడా ప్రభుత్వం ఇచ్చే నూట అరవై ఎకరాలు సొంతం కావాలంటే మూడేళ్లలో ఇల్లు లేవాలి, పదిహేను ఎకరాలు నాగలికి రావాలి, ఏటా ఆరు నెలలు అక్కడ కాపురముండాలి. ఇల్లు లేచింది. గోడలకు మట్టి మెత్తిందీ, సున్నం కొట్టిందీ తనే. పదహారు ఎకరాలు నాగలికి వచ్చాయి. అదీ అడవి నరికి. చెట్టన్నది లేని నల్లమట్టి మైదానం కళ్లముందే పరుచుకుని ఉండగా, కోరి ఈ అడవిముక్క ఎంచుకున్నారు. పాత ఊళ్లో అడవంతా దొరది. ఎండుపుల్ల ఏరినందుకు టెక్లా తండ్రి వీపు చిట్లింది. అలాంటివాళ్లకు సొంత చెట్లు అనేసరికి కళ్లు మూసుకుపోయాయి. ఆ తెలివితక్కువ బేరానికి మూడేళ్లుగా మొద్దులు పెకలిస్తున్నది మాత్రం టెక్లా ఒక్కతే.

ఇన్‌స్పెక్టరు పొలం చుట్టి వచ్చి, బాగుందన్నట్టు తలూపి, బల్లమీద బైబిలు పెట్టాడు.

"ఏడాదికి ఎన్నేసి నెలలు ఇక్కడున్నావో ప్రమాణం చేసి చెప్పమంటున్నాడన్నా," అన్నాడు లుకియాన్.

ఓనుఫ్రీ బైబిలు ముద్దుపెట్టుకున్నాడు. "మొదటేడు నాలుగు. పోయినేడు మూడు. ఈ యేడు రెండున్నర."

ఇన్‌స్పెక్టరు ఏదో గీశాడు. లుకియాన్ గొంతు తగ్గించాడు. "చాలదంటున్నాడు. ఏప్రిల్ దాకా నువ్వు కదలకుండా ఇక్కడ ఉంటే సరే. లేదా, నేల ఇంకొకరికి రాసేస్తాడు."

"నేను పన్నెండు నెలలూ ఇక్కడే చచ్చాను కదయ్యా, మూడేళ్లూ!" అంది టెక్లా. "నా నెలలు ఏ గంగలో కలిశాయో అడుగు."

"అవి లెక్కకు రావు వదినా. కాగితం మీద సంతకం అన్నయ్యది."

"నన్ను పెట్టనిచ్చారా సంతకం?"

"పెళ్లాలకివ్వరు. పిల్లలున్న విధవకైతే ఇస్తారు."

టెక్లా మొగుడి వైపు వేలు చూపింది. "అంటే, ఈయన ఆ కట్టమీద బండకింద పడి పోయుంటే ఈ నేల నాదయ్యేదా?"

లుకియాన్ టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "అప్పుడైతే... అవును."

"విన్నావా మహానుభావా? బతికొచ్చి కొంప ముంచావు."

"ఇప్పటికైనా మించిపోలేదులేవే, బండలు అక్కడే ఉన్నాయి," అని గొణిగాడు ఓనుఫ్రీ. తర్వాత నెమ్మదిగా, "గోధుమ మంచుకు మాడిపోయింది. నేను మళ్లీ కట్టకు పోకపోతే చలికాలం తిండెక్కడిదే?" అన్నాడు.

అందరికీ తెలిసిన సంగతే అది. ఉంటే ఆకలి, వెళ్తే నేల పోతుంది. ఆ చట్టం రాసిన మనిషి ఒక్క పూటైనా మొద్దు పెకలించి ఉంటే ఇలా రాసేవాడు కాదని టెక్లాకు పళ్లు కొరికేంత కోపం వచ్చింది.

"లుకియాన్, పట్నంలో హోటలువాళ్లు బట్టలుతికే ఆడవాళ్లకోసం చూస్తున్నారటగా?"

"చూస్తున్నారు. కానీ వదినా..."

ఆ కానీ వినకుండానే ఆమె తలగుడ్డ బిగించి కట్టుకుంది, గొర్రెతోలు కోటు తొడుక్కుంది, ఊయలలోని పిల్లను ముద్దాడి మొగుడి చేతుల్లో పెట్టింది. నేరుగా వెళ్లి బండెక్కి ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుంది. ఆయన బిత్తరపోయి లుకియాన్ వంక చూశాడు.

"ఆయనకు చెప్పు, నేను లెక్కలోకి రాని మనిషిని, బండికి బరువు కూడా కానని."

ఓనుఫ్రీ పిల్లనెత్తుకుని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. "ఏమే, నీకేమన్నా మతిపోయిందా? పశువుకు పాలు పితకడం కూడా రాదు నాకు!"

"నేర్చుకో. పిండి పంపిస్తాను. ఒక్క మొద్దు పెకలించకపోయినా పర్లేదు, వాళ్లక్కావలసింది పని కాదు. నువ్వు ఉండటమే. ఏప్రిల్ దాకా ఉండు!"