సౌండు లేని సెన్సారు

అత్తగారి గుండె ఆపరేషన్ సాఫీగానే జరిగింది. గొడవంతా ఆవిడ ఇంటికొచ్చాక మొదలైంది.

"కొన్నాళ్ళపాటు ఉలిక్కిపడే పనులేవీ వద్దు," అన్నాడు డాక్టరు. కూతురు ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆమె అదే ఆసుపత్రిలో నర్సు. తల్లి బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక సినిమా చూడకపోతే ఆవిడకు రోజు గడవదు. అందులో హత్యయినా ఉండాలి, దయ్యమైనా ఉండాలి.

"సినిమా లేదంటే మాత్రలూ లేవు," అని ఆవిడ తెగేసి చెప్పింది.

మధ్యలో ఇరుక్కున్నది అల్లుడు. ఏ సినిమా అయినా ముందు అతను చూడాలి, ఫరవాలేదంటేనే అత్తగారి టీవీలోకి వెళ్ళాలి. ఇదీ ఇంట్లో కుదిరిన ఒప్పందం.

"నాకు సినిమాల గురించి ఏం తెలుసే?" అన్నాడతను.

"అందుకే మీరైతే మంచిది. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు అన్నీ బాగానే ఉంటాయి. కానీ ఒక్క మాట. అమ్మకేమన్నా అయిందంటే ఈ జన్మకు మీతో మాట్లాడను."

ఆమె ఊరికే బెదిరించే రకం కాదు. ఆ సంగతి అతనికి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

అల్లుడిది కళ్ళజోళ్ళ షాపు. బేరాలు లేనప్పుడు కౌంటరు మీద, అద్దాలు తుడిచే గుడ్డ పక్కన ఫోను నిలబెట్టుకుని చూసేవాడు. ఎవరో బోర్డు మీద అక్షరాలు చదువుతుంటే పక్కనుంచి చావుకేకలు వినబడితే ఏం బాగుంటుంది? అందుకని సౌండు పూర్తిగా తీసేసేవాడు. కింద మాటలు రాసి వచ్చినా చదివే ఓపిక లేదు. బొమ్మ చూస్తే చాలదా అనుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర తీర్పు చెప్పేవాడు.

"ఆ లాయరు సినిమా?" అని అడిగేది భార్య.

"పెట్టుకోవచ్చు. రెండు గంటలూ సూట్లు వేసుకుని మాట్లాడుకుంటారు. ఒకడు మాత్రం కారేసుకుని ఊరంతా తిరుగుతాడు. పార్కింగ్ దొరకలేదనుకుంటా."

ఆ కారు డిక్కీలో శవముందన్న సంగతి మాటల్లోనే తేలుతుంది. మాటలు అతను వినలేదు.

"మరి ఆ పాత బంగళాది?"

"మహా ప్రశాంతంగా ఉంది. ఒకమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని గదులన్నీ చూస్తుంది, అద్దెకు కావాలేమో. ఒక ముసలావిడ ఊరికే నోరు తెరుస్తుంటుంది, పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టు. నాకైతే రెండుసార్లు కునుకు పట్టింది."

"ఆ పెళ్ళివారి కామెడీ?"

అల్లుడి మొహం గంభీరమయ్యేది. "అది మాత్రం వద్దే. మొదటి సీన్లోనే మామగారు అల్లుడి చెంప పగలగొట్టాడు. ఇంకొకడు మెట్లమీద నుంచి దొర్లి నడుం పట్టుకున్నాడు. అందరూ ఎర్రబడ్డ మొహాలతో అరుచుకోవడమే. నిండు కుటుంబం సర్వనాశనం అయిపోయింది."

"కామెడీ అని రాశారు కదండీ?"

"ఏమో మరి. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి."

డ్యూటీలతో సతమతమయ్యే భార్యకు సినిమాలు చూసే తీరికెక్కడిది? నమ్మేసింది. ఒక్కో కామెడీ ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దయ్యాలన్నీ దర్జాగా లోపలికొచ్చాయి. అత్తగారు కిక్కురుమనలేదు. పైగా, "అల్లుడుగారి టేస్టే టేస్టు," అని మెచ్చుకుంది కూడా.

అలా నెల దాటింది.

ఆ మధ్యాహ్నం షాపుకు ఒక సంగీతం మాస్టారు వచ్చాడు. అల్లుడు ఆయన ముక్కుమీద పరీక్ష ఫ్రేము పెట్టి, రెండు వైపులా అద్దాలు బిగించాడు. కౌంటరు మీద ఫోను నడుస్తూనే ఉంది. ముందురోజు రాత్రి పాస్ చేసిన సినిమాలో చివరి కాస్త మిగిలిపోతే, చూసినట్టుంటుందని పెట్టుకున్నాడు.

మాస్టారు బోర్డు వదిలేసి ఫోను వైపు తిరిగాడు. "ఈ సినిమాని సౌండు లేకుండా చూస్తున్నారా? ఇందులో ఉన్నదే సౌండు కదండీ! హాల్లో మా బావగారు ఎగిరొచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు."

"దీంట్లో ఏముందండీ, ఇల్లు సర్దుకుంటున్నారు!"

"ఇల్లు సర్దుకోవడమా?" మాస్టారు చెయ్యి చాపి సౌండు పెంచాడు.

ఫోనులోంచి వచ్చిన అరుపుకి అల్లుడి చేతిలోని అద్దాల పెట్టె కిందపడింది. నేలమీద అద్దాలు దొర్లుతుంటే, నెలరోజుల తీర్పులు ఒక్కొక్కటే అతని కళ్ళముందు తిరిగాయి. పాత బంగళా. నోరు తెరిచిన ముసలావిడ. ఇప్పుడు, సరిగ్గా ఇదే సమయానికి, అత్తగారు ఇదే సినిమా చూస్తోంది. దానికితోడు ఆ టీవీకి పెద్ద స్పీకర్లు కొనిపెట్టింది తనే.

ఫోను చేశాడు. ఎత్తలేదు. సినిమా చూసేటప్పుడు ఆవిడ ఫోను పడకగదిలో పడేస్తుంది. హెల్మెట్ తగిలించుకుని బయటికి పరుగెత్తాడు.

"బాబూ, నా కళ్ళూ?" అని అరిచాడు మాస్టారు.

"అక్కడే ఉంచండి, వచ్చేస్తాను!"

మొదటి మలుపు దగ్గర ఒక లారీ అడ్డంగా నిలబడి ఇటుకలు దింపుతోంది. స్కూటర్ని పేవ్‌మెంటు ఎక్కించాడు. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది, ఆగలేదు. ఇంటి దగ్గర లిఫ్టులో ఎవరిదో సోఫా ఇరుక్కుని ఉంది. మెట్లెక్కాడు. తాళం తీస్తే తలుపు కదల్లేదు. లోపల గడియ పెట్టి ఉంది.

లోపల్నుంచి ఒక ఆడమనిషి గుండెలవిసేలా అరిచింది.

దబదబా బాదాడు. "అత్తయ్యా! తలుపు తియ్యండి!"

లోపల అరుపు ఆగింది. అత్తగారి గొంతు వినబడింది. "తియ్యకే! తియ్యకే తలుపు, పిచ్చిమొహమా! వాడు బయటే ఉన్నాడు!"

అతను ఇంకా గట్టిగా బాదాడు.

"ఆహా, ఏం సౌండు! మన గుమ్మం దగ్గరే కొట్టినట్టుంది!"

"మన గుమ్మమే అత్తయ్యా! నేనే!"

టీవీ ఆగింది. అడుగుల చప్పుడు. గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది.

అత్తగారు అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. తలమీద హెల్మెట్, ఆవిరి పట్టిన అద్దం, ఒక కాలికే చెప్పు. ఒక కన్ను మూసి పరీక్ష చేసే నల్లటి గరిటెలాంటిది పిడికిట్లోనే ఉండిపోయింది.

"ఏంటి అల్లుడుగారూ, గరిటె పట్టుకొచ్చారు? ఎవరికి వడ్డించాలి?"

ఆ మాటకు ఆవిడకే నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా. ఉన్నట్టుండి ఆ నవ్వు మూలుగైంది. ఆవిడ రెండు చేతులతో గుండె పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

అల్లుడు వెంటనే భార్యకు ఫోను చేశాడు. "అత్తయ్య గుండె పట్టుకుని పడిపోయింది!"

"చెమటలు పడుతున్నాయా? ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది. నవ్వుతోంది."

"ఏంటీ?"

"నవ్వుతోందే! నవ్వుతూనే ఏడుస్తోంది!"

"దిండు తెచ్చి గుండెలకు అదిమి పట్టమనండి. నేను వస్తున్నా."

ఆసుపత్రి దగ్గరే. ఆమె వచ్చేసరికి అత్తగారు దిండు కౌగిలించుకుని సోఫాలో కూర్చుని ఉంది. కూతురు నాడి చూసింది, బీపీ చూసింది, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఆసుపత్రికి ఫోను చేసి డాక్టరుతో మాట్లాడింది. తర్వాత నెమ్మదిగా కూర్చుంది.

"గుండెకేం కాలేదు. కోసి కుట్టిన రొమ్ము ఎముక ఇంకా అతుక్కోలేదు. దిండు అదుముకోమని చెప్పారు కదమ్మా!"

"దగ్గినప్పుడన్నారు. నవ్వినప్పుడని ఎవరన్నారు?"

అల్లుడు ఇక దాచలేదు. ఫోను, కౌంటరు, సౌండు, పరీక్ష మధ్యలో వదిలేసి వచ్చిన మాస్టారు, అంతా చెప్పేశాడు. భార్య అతని వైపు చూడలేదు. మాటా లేదు. ఇక అతనికి మాస్టారూ, షాపూ ఏవీ పట్టలేదు. ఆమె పెదవులే చూస్తూ నిలబడ్డాడు.

"ఆయన్నేమీ అనకు," అంది అత్తగారు. "సౌండు లేకుండా చూస్తున్నాడని నాకు మొదటివారమే తెలిసిపోయింది. పన్ను పీకించుకోవడమట! చెబితే నువ్వు టీవీయే పీకేస్తావని ఊరుకున్నా."

"అంత భయం పెట్టుకుని ఎందుకమ్మా చూడటం?"

"ఎక్కడి భయమే? దయ్యం ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది నాకు. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట బల్లమీద పడుకోబెట్టి వెళ్ళారు చూడూ, ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియలేదు. భయమంటే అది."

కూతురు స్టెతస్కోపు మడతపెట్టింది. "అయితే ఆపరేషన్ అయ్యాక నువ్వు నవ్వడం ఇదే మొదటిసారా?"

"నవ్వించేదొక్కటైనా వేయనిచ్చాడా మీ ఆయన?"

భార్య అప్పుడు తలెత్తింది. "ఇక మీరు ముందు చూడాల్సిన పనిలేదు," అంది మొగుడితో. "షాపుకెళ్ళి ఆ మాస్టారి కళ్ళు ఇచ్చేసి రండి. సాయంత్రం అందరం కలిసి చూద్దాం."

మాట్లాడింది. అతనికి అది చాలు.

ఆ సాయంత్రం ఎవరూ ముందుగా చూడని ఒక కామెడీ పెట్టారు, సౌండుతో. సినిమా అంత గొప్పగా ఏమీ లేదు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే పరుపును మేడమీదికి ఎక్కించలేక తిప్పలు పడుతున్నారు. అత్తగారు దిండు అదుముకుని, నవ్వు బిగపట్టి, కళ్ళు తుడుచుకుంటోంది. కూతురు తల్లి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతోంది. పరుపు రెండోసారి కిందికి జారినప్పుడు ఆమె లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టలేదు. చెయ్యి మాత్రం అలాగే పట్టుకుని కూర్చుంది.