గుమ్మలాడ వారి ఆడపడుచు

విశాఖ సీతమ్మధారలో ఆ వీధి వాళ్లకి గంగాలమ్మ చేపలంటే ఎంత ఇష్టమో, ఆమె నోరంటే అంత భయం. వంజరం ముక్క పట్టుకుని వాసన చూస్తే చాలు, "అత్తరు కొట్టేదేటి అమ్మా ఇది, సేప! సేపలాగే వాసనొత్తది" అని నలుగురూ వినేలా అంటుంది. జాలరిపేట నుంచి రోజూ ఎనిమిది గంటలకల్లా ఆటోలో దిగి, వేపచెట్టు నీడన కత్తిపీట వేసుకుని కూర్చుంటుంది. అరవై ఆరేళ్లొచ్చినా గంప ఇంకొకరిని ముట్టుకోనివ్వదు.

కార్తీకమాసం కావడంతో ఆ రోజు బేరాలు డల్. ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఎదురింటి గేటు దగ్గర కొరియరతను స్కూటర్ ఆపి, కవరు మీద పేరు చూసి గట్టిగా పిలిచాడు.

"గుమ్మలాడ అర్జునరావు గారండీ!"

గంగాలమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"ఏ పేరు పిలిసినావు బాబూ? మల్లొక్కపాలి పిలు."

అతను వింతగా చూసి మళ్లీ చదివాడు. గుమ్మలాడ. అనుమానం లేదు. ఆ ఇంటిపేరు పైకి పలికిన మనిషిని చూసి ఎన్నేళ్లయిందో! రేషను కార్డులో, బ్యాంకు పుస్తకంలో ఆమె పేరు 'పేర్ల గంగాలమ్మ'. పేర్ల వారి కోడలై నలభై ఐదేళ్లు. అంతకు ముందు భీమిలి అవతల పల్లెలో గుమ్మలాడ అప్పలసూరి కూతురు. చుక్కల్ని చూసి చేప ఎక్కడుందో చెప్పేవాడు అప్పలసూరి. పల్లెలో ఆ ఇంటిపేరు వాళ్లది ఒకటే కొంప. ఇప్పుడు ఆ పేరుకి మిగిలిన మగాడు ఒక్కడే, తమ్ముడు ఎల్లారావు. వాడున్నది గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద.

ఉన్నాడు అంటే ఉన్నాడు. పంతొమ్మిదేళ్లుగా అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు.

గంప అక్కడే వదిలేసి గేటు తోసుకుని లోపలికి వెళ్లింది గంగాలమ్మ. వరండాలో కవరు విప్పుకుంటున్న పెద్దమనిషి, చేపలావిడ చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడేసరికి ఉలిక్కిపడ్డాడు.

"బాబూ, మీరు గుమ్మలాడోరా?"

"అవునమ్మా. ఏం?"

"నానూ గుమ్మలాడోల పిల్లనే. అంటే మనం అక్కాతమ్ముల్లమన్నమాట!"

లోపలి నుంచి వచ్చిన ఆయన భార్య జ్యోతిర్మయికి నవ్వాగలేదు. అర్జునరావుకి నవ్వు రాలేదు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, రిటైరై, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి నాలుగు నెలల కిందటే ఇక్కడికొచ్చాడు. సొంతూరు సబ్బవరం అవతల గుమ్మలాడ. ఊరి పేరే ఇంటిపేరు. ఆ ఇంటిపేరు మీద ఆయనకి అంతా ఇంతా అభిమానం కాదు.

"మాది వ్యవసాయం చేసుకునే కుటుంబం అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మా గుమ్మలాడ వాళ్లు వేరు, మీ గుమ్మలాడ వాళ్లు వేరు. పేరొకటే అయినంత మాత్రాన బంధువులం అయిపోం."

"అదేటి బాబూ, పేరు మీద ముద్రేసుందేటి, ఇది పొలంది, ఇది సముద్రందీ అని?"

"అలాగని కాదు..."

"సరే. రేపొత్తాను. మీతో పనుంది." జ్యోతిర్మయి వైపు తిరిగి, "మరదలా, సందువ సేపలున్నాయి, తాజాగా. కార్తీకం ఎల్లాక సెప్పు, నానే కోసి ఒండిపెడతాను," అని బయటికొచ్చేసింది.

ఆ పనేమిటో ఇక్కడే చెప్పేస్తే మంచిది. జాలరిపేటలో ఆడమనిషి పోతే మీద ముందుగా పడాల్సింది పుట్టింటి చీర. కొడుకులు పట్టు కప్పనీ, జరీ కప్పనీ, పుట్టింటి చీర వచ్చేదాకా శవం లేవదు. తండ్రి తేవాలి, లేకపోతే అన్నో తమ్ముడో తేవాలి. వాళ్లూ లేకపోతే ఆ ఇంటిపేరున్న మగాడు ఎవరైనా సరే తేవచ్చు. మొగుడు పోయినప్పుడూ అంతే, ఆడదానికి కొత్త గుడ్డ పుట్టింటి నుంచే రావాలి. నాలుగేళ్ల కిందట మొగుడు సింహాద్రి పోయి పదో రోజున గంగాలమ్మ గోడకి చేరగిలబడి, తమ్ముడి కోసం సందు చివరికి చూస్తూ కూర్చుంది. రాలేదు. చివరికి పక్కింటి చిట్టెమ్మ తన పెట్టెలో గుడ్డ తీసుకొచ్చి, పుట్టింటిదే అని పెద్దలకి నచ్చజెప్పింది. ఆ రోజు ఏడ్చిన ఏడుపులో మొగుడికెంత, తమ్ముడికెంత అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో పాపం!

ఎల్లారావు ఎందుకు రాలేదంటే, రావద్దంది ఆమే. పంతొమ్మిదేళ్ల కిందట తల్లి పోయినప్పుడు వాడు బోటు మీద సముద్రం మధ్యలో ఉన్నాడు. కబురు అందలేదు. కొరివి పెట్టడానికి ఎవరినో దూరపు చుట్టాన్ని పిలుద్దామన్నారు పెద్దలు. "మా యమ్మకి నానుండగా పరాయోడేటి?" అని గంగాలమ్మే నిప్పుల కుండ పట్టుకుని శ్మశానానికి నడిచింది. ఆడది అలా చేయడం ఆ పల్లె ఎన్నడూ చూడలేదు. తొమ్మిదో రోజున వచ్చాడు ఎల్లారావు. పదిమందిలో వాణ్ని నిలబెట్టి అనేసింది. "అమ్మ కొరివికి అందనోడివి, నాను సచ్చినా సీరట్టుకుని రావద్దు. నీ సేతి సీర నా ఒంటిమీద పడకూడదు!"

వాడు తలొంచుకుని వెళ్లిపోయాడు. కబురు బోటు యజమాని ఆఫీసులోనే వారం రోజులు ఉండిపోయిందని, వాడి తప్పేమీ లేదని తర్వాత తెలిసింది. తెలిస్తే మాత్రం? అన్న మాట వెనక్కి తీసుకోవడం గంగాలమ్మ ఇంటావంటా లేదు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. వేరావల్ నుంచి ఎవరు దిగినా వాళ్లింటికి ఊరికే వెళ్లినట్టు వెళ్లి కూర్చునేది. వాడి ఊసు వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినేది, ఎత్తకపోతే లేచొచ్చేసేది. అడగడానికి నోరు రాదు. ఊరందరినీ కడిగేసే నోరు అది!

అందుకే ఇన్నాళ్లూ ఇంకో గుమ్మలాడ మనిషి కోసం వెతుకుతోంది. కోడలు సూర్యకళకి ఈ గొడవ అంతా తెలుసు. రాత్రి అన్నం పెడుతూ అంది.

"అత్తా, ఎవులో ముక్కూ మొకం తెలీనోడు సీర తెత్తే అది పుట్టింటి సీరైపోద్దేటి? ఎల్లారావు మావకి ఒక్క ఫోను కొట్టరాదా?"

"నాను కొట్టను."

"మావా కొట్టడు. ఇద్దరికిద్దరూ!"

"అన్నం తిననిత్తావా లేదా?" అంది గంగాలమ్మ. కానీ తినలేదు, చేయి కడిగేసుకుంది.

మర్నాడు పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, మూడు కొట్లు తిరిగి, మామిడాకు రంగు నేత చీర కొంది. ఆ కవరు తీసుకుని అర్జునరావు గారి వరండాలో కూర్చుంది.

"బాబూ, ఇది మీకాడ దాసండి. నాను పోయిన రోజు మా కోడలు ఫోను సేత్తాది. ఓపాలి జాలరిపేట వొచ్చి, ఇది నా మీద కప్పి, ఎల్లిపోండి. కూకోనక్కర్లేదు. గుమ్మలాడోల సేత్తో పడితే సాలు."

అర్జునరావుకి కాదనడానికి మనసొప్పలేదు. అయినా మనిషి పద్ధతికి కట్టుబడ్డవాడు. లోపలికి వెళ్లి లావుపాటి రిజిస్టరు తెచ్చాడు.

"అమ్మా, ఏదో వదిలించుకోవడానికి చెప్పడం లేదు. ఆరేళ్లుగా ఈ ఇంటిపేరు మీదే పనిచేస్తున్నాను. పుస్తకం వేయిద్దామని. చూడు, ఎవరెవరున్నారో."

చదవడం మొదలుపెట్టాడు. గుమ్మలాడ అన్న పేరుతో ఊళ్లు మూడు, సబ్బవరం అవతల ఒకటి, శ్రీకాకుళం వైపు రెండు. ఒరిస్సాలో ఓ చిన్న రైల్వే హాల్టు. గుమ్మలాడ జగ్గయ్య, హరికథలో దిట్ట. గుమ్మలాడ సత్యశ్రీ, జిల్లా జడ్జి. గుమ్మలాడ సన్యాసిరాజు, బరువులెత్తడంలో పతకాలు. గుమ్మలాడ సాయిశంకర్, తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో కనిపించే వాతావరణం ఆఫీసరు. ఒక్కొక్కరికీ పేరు, ఊరు, విశేషం అని మూడు గళ్లు.

గంగాలమ్మకి ఒక్క అక్షరమూ రాదు. అయినా వంగి, ఆ గళ్లలోకి ఆశగా చూసింది.

"ఇంతమందున్నారా మావోలు!" అంది. ఆ పేజీ మీద వేలు పెట్టి, "సముద్రం మీద బతికినోలు ఒక్కులూ లేరేటి బాబూ? సుక్కల్ని సూసి వలేసినోలు?"

"వెనకాల ఒక పేజీ ఉంది," అన్నాడు అర్జునరావు కాస్త ఇబ్బందిగా. "ఇంటిపేరు వాళ్లంతా వివరాలు చెప్పండని వాట్సాప్‌లో పెడితే, ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేశారు. మన కుటుంబాలకి సంబంధం లేదనుకున్నవి ఇక్కడ రాసి కొట్టేశాను."

పేజీ తిప్పాడు. వేలితో వరసలు దిగుతూ వెళ్లి, ఒకచోట ఆగిపోయాడు. కళ్లద్దాలు సర్దుకుని, చేపలావిడ మొహంలోకి చూశాడు. మళ్లీ పుస్తకంలోకి చూశాడు.

"నీ పేరేమిటమ్మా?"

"గంగాలమ్మ."

"మూడేళ్ల కిందట వేరావల్ నుంచి ఒకతను చేశాడు. ఎల్లారావు అని. బోటు నడుపుతాడట."

గంగాలమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుంది.

"నీ వివరాలు చెప్పవయ్యా అంటే, నా పేరు వద్దు బాబూ అన్నాడు. మా అక్క పేరు రాయండి అన్నాడు. ఇదిగో, రాసుకున్నాను. పేరు, గుమ్మలాడ గంగాలమ్మ. ఊరు, జాలరిపేట. విశేషం..." ఆయన గొంతు తగ్గింది. "తల్లికి తలకొరివి పెట్టింది."

రోడ్డు మీద బస్సేదో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"దాని మీద గీతెందుకు పెట్టారు బాబూ?" అంది గంగాలమ్మ. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

అర్జునరావు తలదించుకున్నాడు. "పెళ్లయిన ఆడపిల్లకి అత్తవారి ఇంటిపేరు కదా అని కొట్టేశాను. మీరు వేరు, మేము వేరు అని కూడా అనుకున్నాను. ఆ మాటే అతనికీ చెప్పాను. 'పెళ్లయితే ఏటి బాబూ, మా ఇంటి పేరు నిలబెట్టినాది మా యక్కే కదా' అన్నాడు. నేనే వినిపించుకోలేదు. తప్పు నాదేనమ్మా."

"మీదేటుంది బాబూ," అంది గంగాలమ్మ. అని ఇంక ఆగలేకపోయింది. పమిట నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. జ్యోతిర్మయి పరుగున వచ్చి పక్కన కూర్చుని, చేపల వాసన కొట్టే ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. వాడికి చేసిన అవమానమే వాడు విశేషమని రాయించాడు! ఏ మాట అడ్డం పెట్టి తమ్ముణ్ని ఇంటికి రాకుండా చేసిందో, ఆ మాట వాడి మనసులో ఇన్నేళ్లూ అక్క గొప్పతనంగా ఉండిపోయింది. ఒక్కసారి, ఒక్కసారి ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

"నంబరుందా బాబూ?"

"ఉంది."

"కలపండి."

అర్జునరావు ఫోను కలిపి, స్పీకరు పెట్టి ఆమె ముందు పెట్టాడు. నాలుగుసార్లు మోగింది. అవతల నుంచి బోటింజను చప్పుడు, దాని మీదుగా అరుపు.

"ఎవులు?"

ఆ గొంతు ముసలిదైపోయింది. తమ్ముడి గొంతు ముసలిదవుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఎవులండీ? జెట్టీ కాడున్నాను, గట్టిగా సెప్పండి!"

"గుమ్మలాడ గంగాలమ్మని మాటాడతన్నాను," అంది.

అవతల ఎవరితోనో ఏదో అన్నాడు. ఇంజను ఆగిపోయింది.

"సెప్పక్కా."

"నాను సచ్చేక నువ్వు సీర తేవద్దన్నాను కదా."

"అన్నావక్కా. అందుకే బావ పోయినపుడూ రాలేదు. ఇసాపట్నం స్టేషన్ దాకా వొచ్చి ఎనక్కెల్లిపోనాను."

గంగాలమ్మ కళ్లు మూసుకుంది. సందు చివరికి చూస్తూ కూర్చున్న ఆ రోజు, వాడు అయిదు మైళ్ల దూరంలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు.

"ఒరే ఎల్లారావా, ఆ మాట తప్పురా. నాదే తప్పు. నాను సచ్చేక వొద్దు. ఇప్పుడే రా. నిన్ను సూడాల."

"ఇప్పుడెలగొత్తాను? సీజను మజ్జిలో బోటు దిగితే ఒప్పుకోరక్కా. మే నెలాకరుకి ఏట ఆపి బోట్లు ఒడ్డున కట్టేత్తారు. ఆ మర్నాడే బండెక్కుతాను."

గంగాలమ్మ వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. కార్తీకం నుంచి వైశాఖం దాటాలి. మోకాళ్ల నొప్పులు, రాత్రుళ్లు ఆయాసం, డాక్టరు రాసిచ్చినా వాడకుండా పడేసిన బీపీ బిళ్లలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నిన్నటిదాకా చావుకి సిద్ధంగా ఉన్న మనిషికి మొదటిసారి భయం వేసింది.

"అన్నాల్లు నానుండాల కదరా," అంది.

అవతల వాడూ ఏడుస్తున్నట్టున్నాడు. ముక్కు ఎగబీల్చి, చిన్నప్పుడు చంకలో కూర్చుని మొండికేసినట్టే అన్నాడు.

"ఉండాల. నువ్వుండాలక్కా."