రెండు గుమ్మాల వైద్యం

మా వదినా, మా తోడల్లుడూ, అంటే మా ఆవిడ అక్కా బావా, కాపురం ఉండేది ఒకే ఇంట్లో, వైద్యం మాత్రం రెండు గుమ్మాల్లో చేస్తారు. ఆవిడది ఆయుర్వేదం, ఆయన కంటి డాక్టరు. భోజనం దగ్గర తప్ప ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగదు.

మా ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. ఏడాదిగా కళ్లు పొడిబారి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతున్నాయి. అక్కని కాదనలేదు, బావని కాదనలేదు. ఆ గుమ్మంలో చుక్కల మందు, ఈ గుమ్మంలో కళ్లలో పోసే మందు నెయ్యి. ఒకరి దగ్గర రెండోవారి ఊసెత్తేది కాదు. "చెబితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు" అనేది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

నిన్న పొద్దున్నే వదిన ఆమె కళ్ల చుట్టూ పిండితో కట్ట కట్టి, గోరువెచ్చని నెయ్యి పోసింది. "ఇవాళ ఎండలోకి వెళ్లకు, బస్సు ముట్టుకోకు" అని మరీ చెప్పింది.

"సెలవు పెట్టానక్కా" అంది మా ఆవిడ. పెట్టలేదు. సెలవులన్నీ ఈ కళ్లకే అయిపోయాయి. ఇంటికొచ్చాక మంట ఆగక, చూపు మసకేస్తుందని బావ రాత్రి పడుకోబోయే ముందే పూసుకోమన్న లేపనం కూడా పూసుకుని బస్సెక్కింది.

వంతెన మీద ముందు బండి దీపాలు కనబడ్డాయట, బండి కనబడలేదట. బ్రేకు తొక్కింది. వెనకాల లారీ జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్లలు కిక్కురుమనలేదని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాకు కోపం నషాళానికంటింది. నిజానికి అది భయం.

సాయంత్రం ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఆ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. మా ఆవిడ అంతా చెప్పేసింది.

"నీ నెయ్యి వల్లే..." అని తోడల్లుడు అందుకున్నాడు.

"మీ లేపనం మాటేమిటి?" అంది వదిన.

"ఇద్దరి మందులూ వాడింది, ఇద్దరి జాగ్రత్తలూ గాలికొదిలేసింది. ముందు ఆ సంగతి చూడండి" అన్నాను.

తోడల్లుడు దీపం వేసి ఆమె కళ్లు చూశాడు. "నువ్వూ చూడు" అని వదినకి చోటిచ్చాడు. నేనెరిగి అది మొదటిసారి. చుక్కలు మానకూడదని, కన్ను తేరుకునేదాకా నెయ్యి వద్దని, తర్వాత ఏం చేసినా ఇద్దరూ చూశాకే చెయ్యాలని అనుకున్నారు.

ఆమె మొహం విప్పారింది. "అయితే సోమవారం నించి బండెక్కొచ్చా?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దమ్మా" అన్నాడు బావ.

"వద్దే" అంది అక్క.

"ఎన్నాళ్లు?"

"అది మాత్రం చెప్పలేం" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీరిద్దరూ ఒక్క మాట మీదికి రావాలని ఎంత కోరుకున్నానో" అంది మా ఆవిడ. సంచిలోంచి బస్సు తాళం తీసి నా చేతిలో పెట్టింది, రేపు స్కూల్లో ఇచ్చి రమ్మంది.